తుపాకీకి సరే, మన నోటికెందుకు సైలెన్సరు?

సైలెన్సరు అనే మాట నాకు కొత్తేమీ కాదు. పెళ్ళైన కొత్తలో మావారికి ఒక యెజ్డీ మోటారుసైకిలు వుండేది. దానికి రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. వెనకాల ఒక పక్కకి తిరిగి కూర్చుని మొదటాట సినిమాకి వెళ్ళి దిగేసరికి నా వెంకటగిరి చీర అంచు కాస్తా కమిలి గోధుమరంగులోకి తిరిగింది. "సైలెన్సరుకి తగలకుండా కూర్చోవాలోయ్, ఆమాత్రం తెలీదూ?" అన్నారాయన. పోయిన చీరా నాదే, తప్పూ నాదే! అప్పట్నుంచీ సైలెన్సరంటే నాకు గిట్టదు.

రెండో రకం సైలెన్సరు సినిమాల్లో చూశాను. విలను జేబులోంచి పిస్తోలు తీసి, దాని మూతికి ఒక గొట్టం తాపీగా మర తిప్పి బిగిస్తాడు. 'ఠుప్'మంటుంది. అంతే, పక్కగదిలో పేకాడుకునే వాళ్ళక్కూడా వినపడదు. మనిషి మాత్రం నేల కూలుతాడు.

అందుకని, ఈ ఏడాది ఫిబ్రవరిలో డల్లాస్ దగ్గర వుంటున్న మా పెద్దాడింటికి వెళ్ళినప్పుడు, ఒక శనివారం పొద్దున్న వాడు ఇడ్లీ తింటూ, "అమ్మా, ఇవాళ నా సైలెన్సరు మొదటిసారి బిగించి చూడబోతున్నా. నువ్వూ రాకూడదూ?" అనేసరికి నా చేతిలోని చట్నీ గిన్నె జారిపడినంత పనైంది.

వాడు నలభైకి దగ్గర పడుతున్న సాఫ్ట్‌వేరు ఇంజనీరు. వంటింట్లో బొద్దింక కనిపిస్తే పెళ్ళాన్ని పిలిచే రకం. వాడికి తుపాకీ ఏమిటి, దానికి మళ్ళీ సైలెన్సరేమిటి?

"ఎవర్ని చంపడానికిరా?" అని అడిగేశాను.

"ఎవర్నీ కాదమ్మా, కాగితాల్ని" అని నవ్వాడు.

నాకు నమ్మకం కుదరక తెనాలిలో వున్న మా మరిదికి ఫోన్ చేశాను. ఆయన నాకన్నా ఎక్కువ కంగారుపడ్డాడు. "అది హంతకులు వాడే సరుకు వదినా! వాణ్ణెవరో చెడగొట్టారు. మీరుండగానే మాన్పించండి" అన్నాడు. అయితే ఏ సంగతైనా కళ్ళారా చూశాకే మాట్లాడాలని మా నాన్నగారు అనేవారు. అందుకని స్వెట్టరు వేసుకుని, మడమలకి మేజోళ్ళు తొడుక్కుని బయల్దేరాను. మావారు మనవడికి కాపలా వుంటానని ఇంట్లోనే వుండిపోయారు.

ఉత్తరంగా గంటంపావు ప్రయాణం. పక్కింటి అమెరికా ఆయనకి తెలిసినవాళ్ళ పశువుల భూమి అది. ఎండిన గడ్డి, దూరంగా నాలుగు ఆవులు, చివర్న మట్టి దిబ్బ. దిబ్బ ముందు కాగితం బొమ్మలు, ఇనప రేకులు వేలాడగట్టి వున్నాయి. మనవైపు తిరనాళ్ళలో బెలూన్లు కొట్టే కొట్టు లేదూ, దాన్ని తీసుకొచ్చి చేలో పెట్టినట్టుంది. వచ్చినవాళ్ళు అయిదుగురు. మావాడు, ఒక భీమవరం అబ్బాయి, ఒక వరంగల్ అబ్బాయి, సైన్యంలో పనిచేసి రిటైరైన ఆ పక్కింటాయన, ఈమధ్యే వుద్యోగానికి వచ్చిన హైదరాబాదు కుర్రాడొకడు. బల్లమీద ఒక చివర తుపాకులు, రెండో చివర మా కోడలు కట్టిచ్చిన పులిహోర డబ్బా, చక్కిలాలు.

నిజం చెప్పొద్దూ, వాళ్ళ క్రమశిక్షణ చూసి నాకు ముచ్చటేసింది. తుపాకీ మూతి ఎప్పుడూ దిబ్బవైపే వుండాలి. మీట మీద వేలు పేల్చే క్షణం దాకా పెట్టకూడదు. ఎవరైనా బొమ్మ మార్చడానికి ముందుకి వెళ్తే, తుపాకులన్నీ ఖాళీచేసి బల్లమీద పెట్టి అందరూ వెనక్కి జరగాలి. హైదరాబాదు కుర్రాడు అసలు తుపాకీ ముట్టుకోలేదు, నా పక్కనే కూర్చుని చక్కిలాలు తిన్నాడు. "హెచ్-1 వీసా ఆంటీ. మాలాంటివాళ్ళు తుపాకీ పట్టుకుంటే ఇక్కడ ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి గానీ నాకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. బుద్ధిమంతుడనుకున్నాను.

నా చెవుల్లో స్పాంజి బిళ్ళలు కుక్కి, పైన డొప్పలు పెట్టారు. మావాడు ముందు సైలెన్సరు లేకుండా ఒక తూటా పేల్చాడు. అంత చెవులు మూసుకున్నా ఆ దెబ్బ నా రొమ్ములో తగిలింది. తర్వాత గొట్టం బిగించి పేల్చాడు. సినిమాలో లాగా 'ఠుప్' అంటుందనుకున్నాను. అదేం లేదు! శుభ్రంగా టపాకాయ పేలినట్టే వినబడింది. కాకపోతే ఇందాకటి దెబ్బ లేదు.

"ఇదేమిట్రా, ఇంత డబ్బు పోసి కొన్నావు, నీ సైలెన్సరు పనిచెయ్యట్లేదు" అన్నాను. అందరూ పకపకా నవ్వారు.

అప్పుడు ఆ భీమవరం అబ్బాయి నాకర్థమయ్యేట్టు చెప్పాడు. "మీ టిఫిన్ క్యారియరు అనుకోండి ఆంటీ. గొట్టంలో గిన్నెలు దొంతరగా వుంటాయి, ప్రతి గిన్నెకీ మధ్యలో చిల్లు. తూటా ఆ చిల్లులోంచి పోతుంది. వెనకాల తోసుకొచ్చే వేడి గాలి ఒక్కో గిన్నెలోనూ తిరిగి, చల్లబడి, నెమ్మదిగా బయటపడుతుంది. మీ మోటారుసైకిలు సైలెన్సరు చేసే పని కూడా ఇదే." ఇక మిగిలిన చప్పుడు తూటాది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. రైఫిలు తూటా అంతకు రెండింతలకి పైగా వేగంతో పోతూ గాలిని చీలుస్తుంది. ఆ చీలిక చప్పుడుకి ఏ గొట్టమూ మందు కాదట.

లెక్కలు కూడా చెప్పాడు. మన మిక్సీ మోత 85, 90 డెసిబెల్సు అనుకుంటే, రైఫిలు మోత 160 దాకా వుంటుంది. అమెరికా కార్మిక రక్షణ నిబంధనల ప్రకారం హఠాత్తుగా వచ్చే చప్పుడు 140 దాటకూడదు. సైలెన్సరు 20 నుంచి 35 డెసిబెల్సు దాకా తగ్గిస్తుంది. డెసిబెల్ లెక్కలో పది తగ్గితే శక్తి పదోవంతుకి పడిపోయినట్టు. అందుకే నార్వే, ఫిన్లాండ్, న్యూజీలాండ్ దేశాల్లో వేటగాళ్ళు సైలెన్సర్లు మామూలుగా వాడతారట. చెవులు కాపాడుకోవడానికే గాని, మనుషుల్ని చంపడానికి కాదన్నమాట.

ఇంకో సంగతి విని నాకు మనసు చివుక్కుమంది. మాక్సిం మర తుపాకీ కనిపెట్టిన పెద్ద మాక్సిం దొర, ఏళ్ళ తరబడి ఆ మోతలో పనిచేసి చెవిటివాడైపోయాడట. 1909లో ఈ సైలెన్సరుకి పేటెంటు పుచ్చుకున్నది ఆయన కొడుకు, హిరం పెర్సీ మాక్సిం. తండ్రి చేసిన మోతకి కొడుకు మూత చేశాడు!

నేనెందుకంత కదిలిపోయానంటే, మా ఇంట్లోనూ ఆ బాధ వుంది గనక. మావారు గుంటూరు దగ్గర ఒక నూలుమిల్లులో ముప్ఫయ్యేళ్ళు చేశారు. చెవిలో పెట్టుకోవడానికి చిన్న దూది వుండ కూడా ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు "పప్పులో వుప్పు సరిపోయిందా?" అనడిగితే, "అప్పు ఎవరికిచ్చావ్?" అంటారు. మనవడు ముద్దుగా చెప్పే మాటలు ఆయనకి సగమే చేరతాయి. లోపలి చెవిలో వుండే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవని డాక్టరు చెప్పినప్పుడు ఆయనకది వినపడలేదు, నాకు వినపడింది. మన పెళ్ళిళ్ళలో డీజేల ముందు పసిపిల్లల్ని ఎత్తుకుని గంతులేసే తల్లుల్ని చూస్తే నాకు ఇప్పటికీ వొళ్ళు మండుతుంది.

అంచేత, మా మరిదికి నా జవాబు ఇదీ. సైలెన్సరు దానంతటది హంతకుల సరుకు కాదు. వాడిన హంతకులు లేరని కాదు. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో మునిసిపల్ ఆఫీసులో ఒకడు సైలెన్సరు బిగించిన పిస్తోలుతో తిరిగి 12 మందిని పొట్టన పెట్టుకున్నాడు. అది తుపాకీ చప్పుడని లోపలివాళ్ళలో కొందరికి వెంటనే తెలియలేదట. ఆ మాట నేనంటే పక్కింటాయన కాదనలేదు. "నిజమేనమ్మా. అయితే అలాంటివి అరుదు" అన్నాడు, మావాడు తెలుగులోకి మార్చి చెప్పాడు. రెండూ నిజమే.

ఇంతవరకూ బాగానే వుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాం. అసలు కథ అక్కడ మొదలైంది.

మనవడికి ఆరేళ్ళు. దాగుడుమూతలాడదామన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టి వెతికితే, నేను పడుకునే గదిలోనే దొరికాడు. నా చీరలు తగిలించుకున్న గూట్లో, వాక్యూం క్లీనరు వెనకాల నక్కి కూర్చున్నాడు. వాడి పక్కనే గోడకి ఆనించి నల్లని పొడుగాటి సంచీ. పొద్దున్న కార్లో పెట్టిన సంచీయే అది. సంచీకి జిప్పే గాని తాళం లేదు. పై అరలో, నా దుప్పట్ల పక్కన, తూటాల డబ్బా.

"ఇక్కడికి రాకూడదు నాన్నా" అన్నాను, గొంతు తడారిపోయి.

"నాకు తెలుసు నానమ్మా. అది నాన్న గన్. నేను ముట్టుకోను. సంచీ మీదనుంచి తడుముతానంతే" అన్నాడు వాడు.

ఏమీ జరగలేదండీ. జరిగిందని చెప్పి మిమ్మల్ని భయపెట్టను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేను రోజులుగా నేను ఆ గూటి పక్కనే పడుకుంటున్నాను మరి!

మర్నాడు గిన్నెలు సర్దుతూ కోడల్ని అడిగాను. "తెలుసత్తయ్యా" అంది తల వంచుకుని. "పెట్టె కొనమని ఒకసారి అన్నాను. 'నామీద నమ్మకం లేదా' అన్నారు. వారమంతా పనిచేసి ఆయనకున్నది ఆ ఒక్క సరదా. పదేపదే అంటే గొడవలవుతాయని వూరుకున్నాను. మిగిలినవాళ్ళ ఇళ్ళల్లోనూ అంతే."

నేను కొడుకుని వెంటనే అడిగానా అంటే, లేదు. నాలుగు రోజులు వూరుకున్నాను. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని, వాళ్ళ ఇల్లు, వాళ్ళ దేశం, నాకెందుకనుకున్నాను. మావారికి చెప్తే, ఆయనకి వినపడాలని నేను అరవాలి, అరిస్తే అందరికీ వినపడుతుంది! అలా నేనూ నోరు మూసుకున్నాను.

నాలుగో రాత్రి నాకు తట్టింది. ఆ ఇంట్లో సైలెన్సర్లు మూడున్నాయి. తుపాకీకి ఒకటి, కోడలికి ఒకటి, నాకొకటి. మొదటిది చెవుల్ని కాపాడుతోంది. మిగతా రెండూ ఎవర్ని కాపాడుతున్నాయి?

నా దెబ్బలాట ఇక్కడే. సైలెన్సరు వుండాలా వద్దా అని ఆ దేశంలో దాదాపు శతాబ్దంగా కొట్టుకుంటున్నారు. 1934లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒక్కో సైలెన్సరు మీద 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో అది సైలెన్సరు ధరకి ఎన్నో రెట్లు. ఆ తర్వాత 'చెవుల రక్షణ' పేరు పెట్టి ఒకరు బిల్లులు తెస్తే, రెండోవారు అడ్డుపడ్డారు. చివరికి 2025 జూలైలో ఆమోదించిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. మావాడు సంక్రాంతికి సైలెన్సరు కొనడానికి కారణం అదే. 42 రాష్ట్రాల్లో పౌరులు సైలెన్సరు వుంచుకోవచ్చు, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి ఎనిమిదింటిలో కూడదు. పన్ను పోయినా వేలిముద్రలు, ఫొటో, ఫెడరల్ రిజిస్టరులో నమోదు మాత్రం తప్పవు.

మరి తుపాకీకో? టెక్సాస్‌లో రైఫిలుకి ఆ రిజిస్టరు లేదు. కొట్టుకి వెళ్తే కంప్యూటరులో పేరు కొట్టి, నేరచరిత్ర లేదని తేలితే అదేపూట ఇచ్చి పంపుతారు. మూతకి వేలిముద్రలు, కుండకి అక్కర్లేదు! ఇక ఇంటికొచ్చాక దాన్ని తాళం పెట్టి వుంచి తీరాలని చెప్పే ఫెడరల్ చట్టమే లేదు. 2005 నాటి చట్టమొకటి, కొట్టువాడు పిస్తోలుతోబాటు తాళం కూడా ఇవ్వాలంటుంది. దాన్ని వెయ్యమని మాత్రం అనదు. గుండు నింపిన తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా వదిలితే నేరమని టెక్సాస్ చట్టం చెప్తుంది. మంచిదే. అయితే ఆ సంగతి పోలీసులకి ఎప్పుడు తెలుస్తుంది? పిల్లాడి చేతిలో అది పేలాకనేగా!

ఇవి పెద్దమ్మల చాదస్తాలు కావు. 2020లో ఆ దేశంలో 1 నుంచి 19 ఏళ్ళలోపు పిల్లల మరణాలకి కారణాల్లో, కారు ప్రమాదాల్ని దాటి తుపాకీ మొదటి స్థానానికి వచ్చింది. గుండు నింపి, తాళం లేకుండా పెట్టిన తుపాకీ వున్న ఇళ్ళల్లో నలభై లక్షల మందికి పైగా పిల్లలు పెరుగుతున్నారని 2021 నాటి సర్వే లెక్క కట్టింది. ఆ ఏడాదే అక్కడ తుపాకులకి పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. అంటే సగానికి పైన! మనం భయపడేది సినిమా విలన్ని తలచుకుని. ప్రమాదం వచ్చేది మాత్రం ఇంట్లోంచే, మనసు బాగోని రాత్రి గూటి తలుపు తీసిన మనవాళ్ళ చేతిలోంచే.

ఆ చివరి మాట నేను వూరికే అనడంలేదు. మాది పత్తి పండే ప్రాంతం. పురుగుమందు డబ్బా పెరట్లోనో, మంచం కిందో పడివుండేది. మా వీధిలో ఒక పిల్ల, పంతొమ్మిదేళ్ళది, పరీక్ష పోయిందని తండ్రి ఒక మాట అంటే ఆ డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఆ డబ్బాకి తాళం వుంటే ఆ గంట గడిచిపోయేది. గంట గడిస్తే ఆ పిల్ల బతికేది. ఇవాళ నాలాగే మనవల్ని ఎత్తుకునేది. శ్రీలంకలో ప్రాణాంతకమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ పోతే, 1995 తర్వాత ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. బాధలు తగ్గలేదు, డబ్బా చేతికందలేదు. అంతే తేడా! తుపాకీ సంగతి ఇంకా కఠినం. దాన్ని తమమీదే ఎత్తుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి రెండో ఆలోచనకి వ్యవధి వుండదు.

ఆ ఆదివారం ఆ స్నేహితులంతా పెళ్ళాంపిల్లలతో మావాడింటికి భోజనానికి వచ్చారు. గుత్తివంకాయ వడ్డిస్తూ, నేను నా సైలెన్సరు వూడదీశాను.

"మీ చెవులకింత జాగ్రత్త చేసుకున్నారు, సంతోషం. మీ తుపాకులు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాయి?" అని అడిగాను.

ఒక్క క్షణం ఎవరూ ముద్ద ఎత్తలేదు. తర్వాత మొదలయ్యాయి జవాబులు.

"మా పిల్లలకి ముట్టుకోవద్దని నేర్పాం ఆంటీ" అన్నాడు భీమవరం అబ్బాయి. నాయనా, లడ్డూ డబ్బా ముట్టుకోవద్దని మీ అమ్మ నీకూ నేర్పే వుంటుంది, పండగ వచ్చేసరికి డబ్బాలో ఎన్ని మిగిలేవో ఆవిణ్ణడుగు అన్నాను.

"నాది ఎప్పుడూ ఖాళీగానే వుంటుంది" అన్నాడు వరంగల్ అబ్బాయి. ఖాళీ అనుకున్నదే పేలుతుంది. 2024లో అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లాడొకడు తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి పోయాడన్న వార్త మీరూ చదివారుగా? వాడూ దాన్ని నిండు తుపాకీ అనుకుని తుడిచి వుండడు.

"రాత్రి దొంగలొస్తే తాళం వెతుక్కోమంటారా అమ్మా?" అన్నాడు మావాడు, కొంచెం కోపంగానే. వేలు పెడితే తెరుచుకునే పెట్టెలున్నాయని నువ్వేగా కంప్యూటరులో చూపించావు? నీ సైలెన్సరు ధరలో సగం పెడితే చిన్న పెట్టె రాదూ? చెవుల కోసం డాలర్లు లెక్కచెయ్యనివాడివి, కొడుకు దగ్గరికొచ్చేసరికి బేరమాడుతున్నావా?

"ఇది స్వేచ్ఛకి సంబంధించిన విషయమమ్మా" అన్నాడు పక్కింటాయన, మర్యాదగానే. నేనూ మర్యాదగానే చెప్పించాను. మీరు కాల్చుకోవద్దని నేననలేదు. పొలంలో మీరు పాటించిన నియమాలు చూసి సంతోషించాను. పొలంలో మనిషి నాలుగడుగులు ముందుకేస్తే తుపాకులన్నీ ఖాళీచేసి వెనక్కి జరిగారు గదా, ఇంట్లో పసివాడు రోజంతా తిరుగుతుంటే ఆ నియమం ఏమైంది? మీ నియమాన్నే ఇంటిదాకా తీసుకురండి. అంతకన్నా నేనడిగేది లేదు.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "యు ఆర్ రైట్, మామ్" అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆయనింట్లో మాత్రం మొదట్నుంచీ పెద్ద ఇనప బీరువా వుందట! ఇంతకాలం స్నేహితులకా మాట ఎందుకు చెప్పలేదంటే, ఒకరింటి సంగతి మనకెందుకని వూరుకున్నాడట. చూశారా, మొహమాటం మన జాతికొక్కదానికే కాదు.

అప్పుడు వరంగల్ అబ్బాయి భార్య, పెదవి విప్పని పిల్ల, నెమ్మదిగా అంది. "మా ఆయన పోయిన ఏడాది వుద్యోగం పోయినప్పుడు రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు ఆంటీ. గరాజిలో అది వుందని నేనూ నిద్రపోలేదు." ఆ మాట ఆయన ఎదటే, అందరి ముందూ అంది. ఆయన చప్పున తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇన్నాళ్ళూ ఆమె మెలకువగా వుందని ఆయనకి తెలియదు.

నాకిక వాదించాల్సిన పని లేకపోయింది.

మనం ఎలాంటి ఆడవాళ్ళం! బంగారానికి గోద్రెజ్ బీరువా, బీరువాకి తాళం, తాళాలగుత్తికి బొడ్లో చోటు. పిల్లి దూరకుండా పాలకి వుట్టి. పనిమనిషి చెయ్యి పెట్టకుండా నేతిగిన్నెకి గూడు. ఇన్ని దాచడం తెలిసినవాళ్ళం, కొడుకింట్లో తుపాకీ గూట్లో వుంటే "మనకెందుకులే" అంటాం. మనదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీతో బాటు, దాని చప్పుడు తగ్గించే సామానుకి కూడా లైసెన్సు అడుగుతుంది. కాబట్టి మనలో చాలామందికి ఈ బెడద ఇక్కడ లేదు. అందుకే అక్కడికి వెళ్ళాక ఏమడగాలో తోచదు. ఈసారి మీ అబ్బాయికో, అమ్మాయికో ఫోన్ చేసినప్పుడు, "ఏం వండుకున్నారు?" అన్నాక ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో తుపాకీ వుందా? తాళం వుందా? తాళం ఎవరి దగ్గరుంది? మనవల్ని స్నేహితుల ఇళ్ళకి పంపేముందు వాళ్ళనీ అడగమనండి. వేరుశనగ పడని పిల్లాడుంటే "మీ వంటలో పల్లీలున్నాయా?" అని అడగడానికి ఎవరూ సిగ్గుపడరు గదా, దీనికెందుకు సిగ్గు? ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే, కొన్నాళ్ళు ఆ తుపాకీని ఇల్లు దాటించి నమ్మకమైన చోట పెట్టమనండి. కోప్పడితే కోప్పడనివ్వండి. కొడుకు కోపం నాలుగు రోజులుంటుంది.

మావాడి కోపం మూడు రోజులే వుంది. నాలుగో రోజు సాయంత్రం ఇద్దరు మనుషులు ఒక ఇనప పెట్టె మోసుకొచ్చి గరాజిలో గోడకి బిగించారు. తుపాకీ అందులోకి వెళ్ళింది, ఖరీదైన ఆ సైలెన్సరు కూడా వెళ్ళింది. తూటాలకి వేరే పెట్టె, వేరే తాళం. గూట్లో ఖాళీ అయిన చోట కోడలు నా పట్టుచీరలు సర్దింది.

ఆ రాత్రి మనవడు మళ్ళీ దాగుడుమూతలాడదామన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఇరవై కాదు, తీరిగ్గా వంద దాకా లెక్కపెట్టాను.